ఏడు సీట్ల సాక్ష్యం

మనోళ్లు బతకవోయిన గుజరాతీ పట్నంల, గోడాదరాల పొద్దున ఏడు కొట్టంగనే రాత్‌పాళీ వాళ్లు బట్ట నేసే సాంచెల కార్ఖానా నుంచి బయటికొస్తరు, దిన్‌పాళీ వాళ్లు లోపలికి పోతరు. ఈ వచ్చేటోళ్లకు, ఆ పోయేటోళ్లకు నడిమిట్ల లలితమ్మ ఇడ్లీ బండి ఉంటది. రాత్రంత నిలబడ్డోళ్లు తిని పోయి పండుకుంటరు, పొద్దంత నిలబడేటోళ్లు తిని పోయి నిలబడుతరు. ఆమెకు దొరికిన జాగ అసొంటిది మరి. గల్లీ మూల మీద, గేటుకు ఎదురుంగ, నర్సింగం ఇంటి ముందటి నీడపట్టున ఏండ్ల సంది అదే బండి, అదే సాంబారు వాసన.

నర్సింగం ఆ కార్ఖానాల ముకద్దం. ముకద్దమంటే ఏదో పెద్ద కొలువనుకునేరు. సేఠ్ పెట్టే తిట్లు ముందు తను తిని, మిగిలినయి సాంచె నడిపేటోళ్లకు పంచిపెట్టే కొలువు అది. గడప దిగంగనే లలితమ్మ దగ్గర ఇడ్లీ తింటడు, ‘చెల్లె, ఇయ్యాల జర గట్టిగైనయి’ అని ఒక వంక పెడుతడు, ఇంకో రెండు వేయించుకుంటడు. ఆమె నవ్వుకుంటనే వేస్తది.

ఆదివారం మాత్రం బండి ఉండది. ఆదివారం లలితమ్మ, నర్సింగం, ఆయన భార్య రాజమ్మ, ఇంకా ఆ చుట్టుపక్కల ఉన్న కొద్దిమంది తెలుగు విశ్వాసులు బ్రహ్మచారి అయ్యగారి హాలుల ఆరాధనకు కూడుతరు. హాలంటే ఆయన వడ్రంగి దుకాణం మీద రేకుల అర్ర. అయ్యగారికి పేరు బ్రహ్మచారి గని పిల్లలు నలుగురు. ‘ప్రభువు చేసిన పనే నేను కూడ చేస్తున్న, కాకపోతే నేను చేసిన కుర్చీలు ఊగుతయి’ అని తన మీద తనే నవ్వుకుంటడు. ఆడోళ్లు వారమంత పూటపూటకు అన్నం వండేటప్పుడు దేవుని పేరు మీద తీసిపెట్టిన గుప్పెడు గుప్పెడు బియ్యం చిన్న సంచులల్ల తెచ్చి ముందట పెడుతరు. ఆ బియ్యం అయ్యగారి ఇంటికి కొంత, కష్టంల ఉన్నోళ్లకు కొంత పోతది. తిండి, బట్ట ఉంటే ఇగ తృప్తి పడాలె అని అయ్యగారు ఏడాదికి నాలుగు సార్లన్న చెప్తడు. నర్సింగం లోపల లోపల అనుకునేటోడు: బట్ట మనమే నేస్తున్నం, తిండి లలితమ్మ పెడుతున్నది, తృప్తి ఒక్కటే ఏడికెల్లి తేవాల్నో తెలుస్తలేదు.

ఇట్ల సాఫీగ నడుస్తుండంగ కరోనా వచ్చింది. సాంచెలు బందైనయి, హాలు బందైంది. నర్సింగం చేతులకు పని లేదు గని చేతుల ఫోన్ ఉన్నది. ఆ ఫోన్‌ల ఒక బోధకుడు దొరికిండు. తెల్ల సూటు, తెల్ల బూట్లు, వెనుక జలపాతం బొమ్మ. ‘మీ తండ్రి రాజాధిరాజు అయినప్పుడు మీరు ఎవరు? రాజకుమారులు! రాజకుమారుడు బస్సులో వెళ్తాడా?’ అని ఆయన అడిగిండు.

ఆ బస్సు మాట పోయి నర్సింగం గుండెల సూటిగ తగిలింది. దానికి కారణం ఉన్నది. కరోనాకు ముందటి ఎండకాలం సిరిసిల్లల చుట్టాల పెండ్లికి నర్సింగం, రాజమ్మ బస్సుల పోయిండ్రు. బస్టాండు నుంచి సంచులు మోసుకుంట నడిచి పోతే, పందిట్ల ఎవలు గూడ కుర్చి చూపియ్యలే. అప్పుడే రాజమ్మ చెల్లె మొగడు, అంటే నర్సింగం షడ్డకుడు విశ్వనాథం, కారుల దిగిండు. చూడాలె ఇగ! పెండ్లిపిల్ల తండ్రి ఉరికొచ్చిండు, సోడా వచ్చింది, ఫ్యాను ఆయన దిక్కు తిరిగింది. నర్సింగం చెమట ఆర్పుకుంట ఆ ఫ్యాను దిక్కే చూసుకుంట కూసున్నడు. ఆ ఫ్యాను అప్పటి సంది ఆయన కలల కూడ విశ్వనాథం దిక్కే తిరుగుతనే ఉన్నది.

తెల్ల సూటు బోధకుడు ఇంకో కిటుకు గూడ చెప్పిండు. అడిగింది ఇంకా చేతికి రాకముందే వచ్చినట్టు సంఘంల నిలబడి సాక్ష్యం చెప్పాలెనట. ఆ చెప్పుడే విశ్వాసమట. అడిగేది పెద్దదే అడగాలెనట, చిన్నది అడిగితే దేవుణ్ణి చిన్నబుచ్చినట్టేనట.

రెండో కరోనా వచ్చి పోయింది. హాలు తెరిచిండ్రు. బల్లలు దూరం దూరం వేసిండ్రు, అందరి మూతులకు మాస్కులు. సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకామె జ్వరం తగ్గిందని స్తుతించింది, ఒకాయన మల్ల పనిల పెట్టుకున్నరని స్తుతించిండు. నర్సింగం లేచి మాస్కు గదుమ కిందికి గుంజిండు.

‘అందరికి వందనాలు. దేవుడు నాకు ఏడు సీట్ల తెల్ల కారు ఇచ్చిండు. అది మా ఇంటి ముందట నిలబడ్డది. దేవునికే మహిమ.’

అలవాటు చొప్పున అందరు ‘ఆమేన్’ అన్నరు. రాజమ్మ ఒక్కతే అనలే. ఆమె మొగని దిక్కు చూసిన చూపుకు మాస్కు అడ్డం లేదు.

‘ఎప్పుడు కొన్నవ్ నర్సింగం?’ అని అయ్యగారు సంబురంగనే అడిగిండు.

‘కొనలే అయ్యగారు. విశ్వాసంతోటి ముందుగాల చెప్తున్న.’

‘ఓహో’ అన్నడు అయ్యగారు. వెంటనే పాట అందుకున్నడు.

ఆరాధన అయినంక మొగడు పెండ్లాలు ఇంటికి వచ్చేసరికి మూల మీద లొల్లి. పక్కింటి లక్ష్మీరాజం స్కూటర్ తోటి సహా రోడ్డు మీద పడి ఉన్నడు. ముందు మడ్గార్డు వంగిపోయింది. ‘ఏందన్నా గిది? గింత పెద్ద కారు గిట్ల మూల మీద ఎవలన్న పెడుతరా?’ అని లేస్తనే కొట్లాటకు దిగిండు.

నర్సింగం చెయ్యి చాపిండు. చెయ్యి పోయి చల్లటి రేకుకు తగిలింది. మెల్లగ తడుముకుంట పోయిండు. తలుపు ఉన్నది, అద్దం ఉన్నది, వంగి చూస్తే టైరు ఉన్నది. కంటికి మాత్రం అవతలి గోడ, గోడ మీది కోచింగ్ సెంటర్ బొమ్మ తప్ప ఏం కనబడలే. అయినా ఎవలు గూడ ఇది ఉన్నదా లేదా అని అడగలే. గోడాదరాల అన్నిటికంటే అపురూపమైంది జాగ. జాగ పట్టిందంటే ఇగ ఉన్నట్టే.

‘పెద్దదే ఉన్నది’ అన్నది రాజమ్మ ఆ కొస నుంచి ఈ కొసదాక నడిచి చూసి.

సాయంత్రానికల్ల లక్ష్మీరాజం కోపం దిగింది. కొత్త బండి గదా, దిష్టి తగులొద్దని ఒక నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి ముందట కట్టిపోయిండు. నర్సింగం ‘మాది ప్రార్థన కారు, గివి వద్దు’ అని తెంపబోతే రాజమ్మ ఆపింది. ‘ఉండనియ్యి, కనీసం అవన్న కనబడుతయి, ఇంకెవలన్న గుద్దకుంట ఉంటరు’ అన్నది. నర్సింగం పోయి ‘దేవుని వరం’ అని రాసున్న స్టిక్కర్ కొనుక్కొచ్చి వెనుక అద్దం ఎక్కడుందో తడిమి చూసుకొని అంటించిండు. ముందట గాలిల నిమ్మకాయ, వెనుక గాలిల దేవుని వరం. నడిమిట్ల బానెట్ మీద రాజమ్మ రెండో రోజే వడియాలు ఎండబెట్టింది.

కష్టం ఎక్కడొచ్చిందంటే, సోమవారం పొద్దున లలితమ్మ బండి తోసుకుంట వచ్చి కారును గుద్దుకున్నది. సాంబారు గిన్నె ఒలికింది. ఏడు సీట్ల కారు గదా, ఆమె బండి నిలబడే జాగంత పట్టేసి ఇంకా గేటు దాక పోయింది. చిన్న కారు అడిగి ఉంటే రెండూ పట్టేటియి.

‘అన్నా, జర వెనుకకు తీస్తవా?’ అన్నది లలితమ్మ.

‘తాళంచెవి లేదు చెల్లె.’

‘ఏడ పోయింది?’

‘పోలే. సాక్ష్యంల తాళంచెవి సంగతి చెప్పుడు మరిసిపోయిన.’

‘అయ్యో’ అన్నది లలితమ్మ. నిజంగనే బాధపడ్డది ఆయన కోసం. రాత్‌పాళీ నుంచి వచ్చినోళ్లు నలుగురు కలిసి వెనుకకెల్లి తోసి చూసిండ్రు. కారు కదలలే. బ్రేకు వేసి ఉన్నట్టున్నదన్నరు. ఇగ చేసేదేం లేక లలితమ్మ బండిని గల్లీ ఆ చివరికి, ఖాడీ ఒడ్డుకు తోసుకపోయింది.

ఖాడీ ఒడ్డంటే మురికినీళ్ల కాలువ ఒడ్డు. ముక్కు మూసుకొని ఇడ్లీ ఎవలు తింటరు? మాస్కు వేసుకొని అసలే తినరాదు. పాళీ మారేటప్పుడు మనుషులకు ఉండేదే జరంత సమయం, గేటు ముందట ఉంటే తిందురు గని అంత దూరం నడిచి పోయి తినేటోడెవడు? దాని మీద మున్సిపాలిటీ ట్రక్కు ఒకటి. ఒడ్డున బండ్లు పెట్టొద్దని రోజు విడిచి రోజు తరుముతనే ఉండె. లలితమ్మ ఇడ్లీ పిండి సాయంత్రానికి పులిసిపోతున్నది. నర్సింగం ఇవన్ని చూస్తనే ఉన్నడు. చూసి తన కారు అద్దం తుడుచుకుంటున్నడు.

అట్లని ఆయన గుండె రాయి గాదు. ఇడ్లీ తినకుండ కార్ఖానాకు పోతే కడుపు కాలుతుండె, ఖాడీ ఒడ్డుకు పోయి తిందామంటే లలితమ్మ ముఖం చూసే ధైర్యం లేకుండె. చివరికి అయ్యగారిని పిలుచుకొచ్చిండు. బ్రహ్మచారి అయ్యగారు వడ్రంగి గదా, వస్తనే జేబుల నుంచి టేపు తీసి కారు పొడుగు, వెడల్పు కొలిసిండు. కొలిసి ‘అబ్బ, మంచి కారే’ అన్నడు.

‘ప్రార్థన చేసి దీన్ని తీసెయ్యాలె అయ్యగారు. లలితమ్మ బతుకు పోతున్నది.’

‘తీసెయ్యమని నేనెట్ల అడుగుత నర్సింగం? ఇది దేవుడిచ్చిందో, నీ ఆశ ఇచ్చిందో నాకేం ఎరుక? నువ్వే వాపసు ఇస్తనని చెప్పు.’

‘సాక్ష్యం వాపసు తీసుకుంటే అవిశ్వాసం గాదా?’

అయ్యగారు టేపు చుట్టి జేబుల పెట్టుకున్నడు. ‘నాకు అంత పెద్ద సంగతులు తెలువయి’ అన్నడు. ‘కారు ఉండుడు పాపం గాదు బిడ్డా. నాకెవలన్న ఇస్తే నేను గూడ ఎక్కుత. కానీ కారు వచ్చినప్పుడు దాని కింద ఎవలు పడ్డరో ఒకసారి దిగి చూసుకోవాలె.’ ఇంత చెప్పి, పోతపోత బానెట్ మీద నుంచి ఒక వడియం తీసి నోట్ల వేసుకొని పోయిండు.

ఈ మాట నర్సింగానికి నచ్చలే. ఆయనకు కావలసింది మందు, అయ్యగారు చెప్పింది రోగం. తెల్ల సూటు బోధకుని ప్రార్థన లైనుకు ఫోన్ కొట్టిండు. అటుదిక్కు ఒక ఆడపిల్ల ఎత్తింది. సంగతంత విన్నది. ‘సర్, మీరు తాళంచెవి కోసం విశ్వాసంతో సాక్ష్యం చెప్పండి. ఈసారి అన్నీ వివరంగా చెప్పండి. చాలామంది ఏసీ కూడా మర్చిపోతారు’ అన్నది.

మరుసటి ఆదివారం నర్సింగం మల్ల లేచిండు. తాళంచెవి, ఏసీ, మెత్తటి సీట్లు, కిందికి మీదికి పోయే అద్దాలు, అన్నీ వరుసగ చెప్పిండు. సంఘం మల్ల ఆమేన్ అన్నది, ఈసారి జర మెల్లగ. లలితమ్మ చివరి బల్ల మీద కూసోని తను గూడ ఆమేన్ అన్నది. పాపం, తాళంచెవి వస్తే కారు జరుగుతదని ఆమె ఆశ.

కూసోంగనే జేబుల బరువు తెలిసింది. నర్సింగం ఉరుక్కుంట ఇంటికొచ్చి, తడిమి తడిమి తలుపు తీసి లోపల కూసున్నడు. అబ్బబ్బ! ఏం మెత్తన! ఏం చల్లన! బయటికెల్లి చూసేటోళ్లకు లుంగీ కట్టుకున్న మనిషి ఒకడు గాలిల కూసోని, చేతులు ముందటికి చాపి, కండ్లు మూసుకొని నవ్వుతున్నడు. చూసేటోళ్లు చూసి పోతున్నరు. ఒక్క లక్ష్మీరాజమే ఆగి ‘సీట్లు లెదరా, గుడ్డనా?’ అని అడిగిండు.

‘ఇప్పుడన్న జరుపు’ అన్నది రాజమ్మ అద్దం మీద కొట్టి.

‘జరుపుత, జరుపుత’ అన్నడు నర్సింగం. కానీ జరపలే. రేపు జరుపుత అన్నడు, వాన తగ్గినంక జరుపుత అన్నడు. ఒకసారి ఆ సీట్ల కూసున్నంక మనిషికి లేవబుద్ధి కాదు. కార్ఖానా నుంచి వస్తనే స్నానం చేసి, తల దువ్వుకొని కారెక్కి కూసునుడే ఆయనకు పని. కూసోని సిరిసిల్ల పందిట్లకు పోయేటోడు. ఫ్యాను తన దిక్కు తిరిగేది. సోడా వచ్చేది. విశ్వనాథం లేచి కుర్చి ఇచ్చేటోడు.

ఒక శనివారం సాయంత్రం గట్లనే పందిట్ల ఉండంగ లలితమ్మ వచ్చి అద్దం పక్కకు నిలబడ్డది. ఏదో అంటున్నది. అద్దం మూసి ఉన్నది, మూతికి మాస్కు ఉన్నది, మాట ఒక్కటి వినబడలే. కండ్లు మాత్రం కనబడుతున్నయి. అవి ఎందుకో లోపలికి పోయినట్టున్నయి. తిట్టనికే వచ్చిందనుకున్నడు నర్సింగం. తిట్టినా బాగుండు అనుకొని అద్దం దించిండు.

‘అన్నా, రేపు సాయంత్రం రైలుకు పోతున్న’ అన్నది లలితమ్మ. ‘సిరిసిల్లల మా ఆడిబిడ్డ బీడీలు చేస్తది, నన్ను గూడ రమ్మన్నది. రేపు సామాన్లు కట్టుకునేది ఉన్నది, ఆరాధనకు రాలేను. జర ఈ బియ్యం అయ్యగారికి ఇయ్యి.’

ఆమె చేతిల చిన్న గుడ్డ సంచి. నర్సింగం అందుకున్నడు. సంచి మరీ తేలికగ ఉన్నది. రెండు మూడు గుప్పెళ్లు గూడ ఉండయి. ఆయన ముఖం చూసి లలితమ్మ సిగ్గుపడ్డది. ‘ఈ వారం తక్కువైనయి అన్నా. ఏమనుకోకు. వండినప్పుడే గదా గుప్పెడు తీసేది’ అన్నది.

అనేసి పోయింది. ఆమె ఆ మాట తప్పు ఒప్పుకున్నట్టు చెప్పింది గని ఫిర్యాదు లెక్క చెప్పలే. నర్సింగం సంచి ఒళ్లె పెట్టుకొని అట్లనే కూసున్నడు. ఏసీ చల్లగ కొడుతనే ఉన్నది. వండినప్పుడే గుప్పెడు. వారంల ఎన్ని పూటలు! అన్ని పూటలకు రెండు మూడు గుప్పెళ్లు. తక్కిన పూటలల్ల ఆమె ఏం తిన్నది? తను వంకలు పెట్టుకుంట ఇంకో రెండు, ఇంకో రెండు అని ఏండ్ల సంది ఆమె చేతి ఇడ్లీలు తిన్నడు. ఆమె పొయ్యి మీద తను కారు పెట్టి, అందుల కూసోని సోడా తాగుతున్నడు. నర్సింగానికి ఏడుపొచ్చింది. ఏడ్చిండు. గాలిల కూసోని ఒక సంచి పట్టుకొని ఏడుస్తున్న మనిషిని చూసి లక్ష్మీరాజం ఈసారి ఏం అడగకుండ పోయిండు.

ఇంట్లకు పోయి రాజమ్మకు సంచి చూపిచ్చిండు. రాజమ్మ చేతుల పట్టుకొని చూసింది, మూతి విప్పి చూసింది, మల్ల కట్టింది. ‘నువ్వేం చెయ్యాల్నో నీకే ఎరుక’ అన్నది. ఆ పూట మొగనికి అన్నం పెట్టింది గని కూర వెయ్యలే.

ఆదివారం హాలుల లలితమ్మ సంచి అయ్యగారి ముందట పెట్టి, సాక్ష్యాల సమయం రాంగనే నర్సింగం లేచిండు. నోట్ల మాట తయారుగనే ఉన్నది గని బయటికి వస్తలేదు. ఉన్నది ఇచ్చుడు కష్టమని అందరికి తెలుసు. లేనిది ఇచ్చుడు అంతకంటె కష్టమని నర్సింగానికి అప్పుడు తెలిసింది. కనబడని కారు, రూపాయి పెట్టలే, గజం దూరం నడిపింది లేదు. అయినా పాణం ఒప్పుతలేదు. దేవునితోటి మనసుల బేరం మొదలుపెట్టిండు. కొన్ని దినాలు ఆమెను వాడుకోనిస్త ప్రభువా. వద్దా? పోనీ వెనుక సీట్లు ఆమెవి, ముందటి సీటు నాది. అది గూడ వద్దా? పోనీ కారు ఆమెది, స్టిక్కర్ మీద నా పేరు. సంఘమంత కండ్లు తెరిచి ఎదురుచూస్తున్నది. ఒకాయన ముందే ‘ఆమేన్’ అనేసి నాలిక కరుచుకున్నడు. అయ్యగారు గడియారం చూసుకున్నడు. రాజమ్మ తల ఎత్తలే.

‘వందనాలు’ అన్నడు చివరికి. ‘నా కారు నాది గాదు. చెల్లె లలితమ్మది. తాళంచెవి ఆమెది, ఏడు సీట్లు ఆమెవి, ఏసీ ఆమెది. నేను ఇచ్చేసిన.’ ఇంకో మాట మిగిలి ఉన్నది, అది ఇంకా కష్టం. ‘ఆమె కడుపు కొట్టి ఇన్ని దినాలు అందుల కూసున్న. తప్పు చేసిన. నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి.’

ఈసారి ఎవలు ఆమేన్ అనలే. రాజమ్మ ఒక్కతే అన్నది. జేబుల బరువు టక్కున పోయింది. నర్సింగం చెయ్యి పెట్టి చూసుకుంటే బట్ట మాత్రమే చేతికి తగిలింది. గుండె ఒక్కసారి జారింది ఆయనకు, ఎందుకు అబద్ధం చెప్పాలె.

ఇంటి మూలకు వచ్చేసరికి లలితమ్మ మూటలతోటి నిలబడి ఆటో కోసం చూస్తున్నది. కొంగు ఒక దిక్కు కిందికి వేలాడుతున్నది.

‘అన్నా, చూడు, నా కొంగుకు ఏదో ముడి పడ్డది. నేను వెయ్యలే. బరువున్నది. ఇప్పితే ఏం కనబడుతలేదు, చేతికి మాత్రం తగులుతున్నది.’

‘అది నీ తాళంచెవి చెల్లె. కారు నీదైంది. సాక్ష్యం చెప్పి వస్తున్న.’

లలితమ్మ ముడిని గట్టిగ పట్టుకున్నది. ‘నన్ను అడగకుండనేనా? నాకు కారు నడపరాదు గదన్నా!’

‘నాకు గూడ రాదు’ అన్నడు నర్సింగం.

రాజమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది గని నవ్వు ఆగలే. ఆమెను చూసి లలితమ్మ నవ్వింది. ఆమె నవ్వక ఎన్ని దినాలైందో. ఇద్దరు ఆడోళ్లు నవ్వుకుంటనే కారు చుట్టు తిరిగి వెనుక తలుపు ఎక్కడుందో తడిమిండ్రు. తాళంచెవి తిప్పితే తలుపు పైకి లేసి చూరు లెక్క నిలబడ్డది. అప్పుడే చినుకులు మొదలైనయి. ఆ చూరు కింద చినుకు పడలే. లలితమ్మ నవ్వు ఆపింది. చెయ్యి చాపి లోపలి అరుగు ఎంత ఎత్తున్నదో చూసింది, తన నడుముకు సరిగ్గ ఉన్నది. జానలు పెట్టి వెడల్పు కొలిసింది. పొయ్యి ఇక్కడ, పాత్ర ఇక్కడ, చట్నీ ఇక్కడ అని గాలిల చేతులతోటి పెట్టుకుంట పోయింది. ఆటో వచ్చి ఆగింది. హారన్ కొట్టింది.

‘వదినె’ అన్నది లలితమ్మ రాజమ్మ దిక్కు తిరిగి, ‘ఇప్పుడు పప్పు నానబోస్తే రేపటికి అందుతదా?’

‘ఎందుకందది? మా ఇంట్లనే నానబోద్దాం పా’ అని రాజమ్మ ఒక మూట ఎత్తుకున్నది. ఇంకో మూట నర్సింగం ఎత్తుకున్నడు. ఆటో ఆయన గుజరాతీల ఏదో సణుక్కుంట పోయిండు.

సోమవారం పొద్దున ఏడు గంటలకు వాన దంచి కొడుతున్నది. రాత్‌పాళీ వాళ్లు గేటు దాటి తలల మీద చేతులు పెట్టుకొని ఉరికొస్తుంటే లలితమ్మ గొంతు వినబడ్డది: ‘లోపలికి రాండ్రి, తలుపు మెల్లగ వెయ్యండ్రి!’ వాన ఒక పెద్ద డబ్బా ఆకారంల ఆగి అంచులకెల్లి జారుతున్నది. ఆ ఆకారం లోపల ఏడుగురు పొడిపొడిగ కూసోని ఇడ్లీ తింటున్నరు, వాళ్లు దిగుతే ఇంకో ఏడుగురు ఎక్కుతున్నరు. మున్సిపాలిటీ ట్రక్కు వచ్చి ఆగింది. అందుల నుంచి సాబు దిగి బండి ఏదని చూసిండు. ఖాడీ ఒడ్డున లేదు, రోడ్డు మీద లేదు. మనుషులు గాలిల కూసోని తింటున్నరు. గాలిల కూసోవద్దని ఆయన పుస్తకంల ఎక్కడా రాసి లేదు. ఆయన గూడ టోపీ దులుపుకొని ఎక్కి ఒక ప్లేట్ చెప్పిండు.

నర్సింగం వాన కింద వరుసల నిలబడ్డడు. తన వంతు వచ్చినప్పుడు చిట్టచివరి సీటు దొరికింది. అది పిల్లల కోసం చేసిన సీటు, మోకాళ్లు గదుమకు తగులుతున్నయి. ఇన్ని దినాలు ముందటి సీట్లనే కూసున్నడు గనుక వెనుక ఇంత ఇరుకుంటదని ఆయనకు తెలువది. పక్కన గంజాం నుంచి కొత్తగ పనికొచ్చిన సాంచె కార్మికుడొకడు కూసున్నడు. వాడు సీటు ఒత్తి చూసిండు, మీదికి చూసిండు, ఏసీ గాలికి ముఖం పెట్టి మురిసిపోయిండు. మురిసిపోయి ఈ బండి ఎవలదని నర్సింగాన్ని అడిగిండు, ‘చాచా, ఏ గాడీ కిస్కా హై?’

నర్సింగం నోట్ల ఇడ్లీ ఉన్నది. ఇడ్లీతోటి పాటు ఇంకో మాట గూడ వచ్చి నాలిక మీద కూసున్నది. నేనే ఇచ్చిన అని. ఒక్క మాటనే గదా, అబద్ధం గూడ గాదు. చెప్తే ఈ పోరగాడు లేచి నిలబడి దండం పెడుతడు. చెప్పాల్నని పాణం గుంజుతున్నది, ఎంత గుంజుతున్నదంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. వెనుకకెల్లి పొయ్యి మీద ఆవిరి లేస్తున్నది, లలితమ్మ ఎవలికో ‘ఇంకో రెండు వెయ్యాల్నా?’ అని అడుగుతున్నది.

నర్సింగం ఆ మాటను ఇడ్లీతోటి కలిపి మింగిండు.

‘అమ్మా కా హై’ అని లలితమ్మ దిక్కు చూపిచ్చి, ‘బేటా, జల్దీ తిను, బయట మంది తడుస్తున్నరు’ అని మోకాళ్లు పట్టుకొని లేచిండు.